ఋతువు మారినప్పుడు ఏం మార్చుకోవాలి? చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం ఏడాది పొడవునా ఆరోగ్యం: సమగ్ర మార్గదర్శి

చైనా సంప్రదాయ వైద్యం అనగానే మనకు సూదులు, చేదు కషాయాలు, జిన్సెంగ్ డబ్బాలు గుర్తొస్తాయి. చైనాలో మామూలు కుటుంబాలు ఆ వైద్యాన్ని వాడుకునే తీరు వేరు. ఈ నెలలో ఏం వండాలి, పిల్లలకు స్వెటర్ ఎప్పుడు తీసేయాలి, రాత్రి ఎన్నింటికి పడుకోవాలి, చెమట పట్టాక ఐస్ నీళ్లు తాగొచ్చా... ఇలాంటి రోజువారీ విషయాల్లోనే అది ఎక్కువగా కనిపిస్తుంది. మందు చివర్లో వస్తుంది.

ఈ మార్గదర్శిలో నేను ఆ రోజువారీ భాగం మీదే ఎక్కువ దృష్టి పెడుతున్నాను. ఋతువుల గురించి ఆ వైద్యం చెప్పే మంచి సలహాల్లో చాలావరకు ఇంట్లో చేసుకోగలిగేవే. ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ. మూలికల పొట్లాల దగ్గరకు వచ్చేసరికి రెండూ పెరుగుతాయి. చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు, షాంఘైలోనో షెన్‌జెన్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు పాటించవచ్చు. మన ఊళ్లలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్నవాళ్లు ఏం సర్దుకోవాలో చివర్లో చెబుతాను.

ఒక మాట ముందే. వేడి, తేమ, 'చీ' అనే ప్రాణశక్తి, వసంతానికి కాలేయం, చలికాలానికి మూత్రపిండాలు... ఇవన్నీ ఆ వైద్యపు సొంత లెక్కలు. వాటిని ల్యాబ్ రిపోర్టుతో పక్కపక్కన పెట్టి చదవకండి. కింద 'వేడి చేసింది', 'తేమ పట్టింది' అని రాసిన చోట ఆ సంప్రదాయం చెప్పేది చెబుతున్నానని అర్థం చేసుకోండి.

మొదటి మెట్టు: క్యాలెండర్ చేతిలో ఉంచుకోండి

చైనావాళ్లు సూర్యుడి నడకను బట్టి ఏడాదిని 24 భాగాలు చేశారు. ఒక్కో భాగాన్ని 'జియెచీ' అంటారు. సూర్యుడు 15 డిగ్రీలు కదిలితే ఒక జియెచీ, అంటే దాదాపు 15 రోజులు. మన రైతులు చెప్పే కార్తెలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మనకు 27 నక్షత్రాలకు 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. రోహిణి కార్తె అనగానే ఎండ, మృగశిర కార్తె అనగానే తొలకరి మనసులో మెదిలినట్టే వాళ్లకు 'బైలూ' అనగానే తెల్లవారుజామున గడ్డి మీద మంచు బిందువులు గుర్తొస్తాయి. ఈ 24 భాగాల పద్ధతిని 2016లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

మొత్తం 24 బట్టీ పట్టక్కర్లేదు. నాలుగు మలుపులు గుర్తుంటే చాలు. ఫిబ్రవరి 4 ప్రాంతంలో లీచున్, అంటే వసంతం మొదలు. మే 5 ప్రాంతంలో లీశ్యా, వేసవి. ఆగస్టు 7 ప్రాంతంలో లీచ్యూ, శరత్తు. నవంబరు 7 ప్రాంతంలో లీదోంగ్, చలికాలం. ఏటా ఒక్క రోజు అటూ ఇటూ తప్ప మారవు. ఫోన్‌లో ఈ నాలుగు తేదీలకూ వారం ముందు రిమైండర్ పెట్టుకోండి.

వారం ముందే ఎందుకంటే, మార్పు ఒక్కసారిగా చేయకూడదన్నది ఈ వైద్యంలో గట్టి నియమం. బీజింగ్‌లో ఫిబ్రవరి 4న వసంతం మొదలైందని క్యాలెండర్ చెబుతుంది, బయట మాత్రం మైనస్ చలి ఉంటుంది. తేదీ హెచ్చరిక మాత్రమే. అసలు నిర్ణయం కిటికీ తీసి వాతావరణం చూశాక.

రెండో మెట్టు: మీ ఒంటి తీరు తెలుసుకోండి

ఒకే ఇంట్లో ఒకరికి ఫ్యాన్ కావాలి, ఇంకొకరికి దుప్పటి కావాలి. ఇద్దరికీ ఒకే ఆహారం చెప్పకూడదన్నది చైనా వైద్యానికి ప్రాణం లాంటి మాట. బీజింగ్‌కు చెందిన వాంగ్ చీ అనే వైద్య ఆచార్యుడు మనుషుల ఒంటి తీరును తొమ్మిది రకాలుగా వర్గీకరించారు. 2009లో చైనాలో అది ప్రమాణంగా వచ్చింది. ఇంట్లో మనకు అంత వివరం అక్కర్లేదు. ఒక వారం పాటు ఉదయాన్నే ఈ విషయాలు చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి: చలికి ఎక్కువ బాధపడుతున్నారా, వేడికా, దాహం వేస్తే చల్లనీళ్లు కావాలనిపిస్తోందా, వేడినీళ్లా, విరేచనం గట్టిగానా, జిగటగానా, తిన్నాక కడుపు ఉబ్బరమా, నిద్ర ఎలా ఉంది.

తర్వాత నాలుక. పళ్లు తోముకోకముందు, పగటి వెలుతురులో చూసుకోవాలి, ట్యూబ్‌లైట్ కింద కాదు. ముందు రాత్రి కాఫీ, బీట్‌రూట్, కిళ్లీ ఏదైనా తిని ఉంటే ఆ రోజు లెక్కలోకి తీసుకోకండి. నాలుక పాలిపోయి, అంచుల్లో పళ్ల గుర్తులు పడి, పైన తెల్లగా జిడ్డు పూత ఉంటే చలి, తేమ ఎక్కువని వాళ్లు అంటారు. ఎర్రగా ఉండి పూత దాదాపు లేకపోతే పొడితనం. పసుపు పూత మందంగా ఉంటే వేడి. 

ఇది రోగ నిర్ధారణ కాదు. రెండు మూడు వారాలకు మించి తగ్గని నాలుక పుండు, తెల్ల మచ్చ, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిపూట జ్వరం, విరేచనంలో రక్తం కనిపిస్తే నోట్‌బుక్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

ఈ రాతల వల్ల నిజమైన లాభం ఒకటుంది. రెండు ఋతువులు గడిచేసరికి మీకు ఏ వాతావరణంలో ఏ ఇబ్బంది మొదలవుతుందో మీకే కనిపిస్తుంది. డస్ట్ అలెర్జీ ఉన్నవాళ్లకు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది చాలా ఉపయోగం. డాక్టర్ అడిగినప్పుడు తేదీలతో చెప్పగలుగుతారు.

మూడో మెట్టు: నిద్ర వేళ మార్చండి

రెండు వేల ఏళ్లకు పైబడిన 'హువాంగ్‌దీ నేజింగ్' అనే ప్రాచీన వైద్య గ్రంథం ఋతువుల గురించి చెప్పేటప్పుడు నిద్రతోనే మొదలుపెడుతుంది. వసంతంలో, వేసవిలో కాస్త ఆలస్యంగా పడుకుని పెందలాడే లేవాలి. శరత్తులో తొందరగా పడుకుని కోడి కూతతో లేవాలి. చలికాలంలో తొందరగా పడుకుని, ఎండ వచ్చాక లేవాలి. పగటి వెలుగు ఎంతసేపు ఉంటుందో దాన్ని బట్టి మనిషి నడవాలన్నది అక్కడి ఆలోచన.

'ఆలస్యంగా' అన్నారు కదా అని అర్ధరాత్రి దాకా ఫోన్ చూడమని కాదు. చైనా వైద్యులు ఏ కాలంలోనైనా రాత్రి 11 దాటకముందే పడుకోమంటారు. అరగంట నుంచి ముప్పావుగంట తేడా చాలు. అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. మిగతావన్నీ చేసి దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ముందు దీన్ని సరిచేసుకుని, తర్వాతే సూప్‌ల సంగతి చూడమంటాను.

నాలుగో మెట్టు: వసంతం

ఇది చిన్న మెట్టు. మూడు పనులున్నాయి.

స్వెటర్ తొందరగా తీసేయకండి. 'వసంతంలో కప్పుకో, శరత్తులో కాస్త చలికి ఓర్చుకో' అని చైనాలో పెద్దవాళ్లు పిల్లల వెంటపడి చెబుతుంటారు. మధ్యాహ్నం ఎండగా ఉన్నా సాయంత్రం గాలి చల్లగా తగిలే రోజులవి. ముందు పైన వేసుకున్నవి తగ్గించి, కాళ్లకు, నడుముకు వేసుకున్నవి చివర్లో తీయమంటారు. 

తిండిలో పులుపు తగ్గించి, సహజంగా తియ్యగా ఉండేవి కొంచెం పెంచాలి. తాంగ్ వంశ కాలపు వైద్యుడు సున్ సిమియావ్ ఇచ్చిన సలహాగా దీన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. తీపి అంటే స్వీట్లు కాదు. దుంపలు, క్యారెట్, ఎండు రేగుపండ్లు, అన్నం. వాటితోపాటు లేత ఆకుకూరలు: పాలకూర, ఉల్లికాడలు, వెల్లుల్లి వాసన వచ్చే జ్యుసాయ్ అనే ఆకు. జ్యుసాయ్, గుడ్లు కలిపి వేపితే చైనాలో ఎక్కడైనా దొరికే ఇంటి కూర అవుతుంది.

ఇక నడక. ఒళ్లు బిగుసుకుపోయి, చిరాకు ఎక్కువయ్యే కాలం అంటారు దీన్ని. పొద్దున్నే పార్కులో అరగంట, వదులుగా ఉండే బట్టలతో నడిస్తే చాలు.

ఐదో మెట్టు: వేసవి, ఆ నడుమ వచ్చే సాన్‌ఫూ

చైనాలో వేసవికి ఇంటింటా ఉండే మందు పెసల సూప్. మనకు పెసలు కొత్త కాదు, వాళ్లు కాచే పద్ధతి చూడండి. వంద గ్రాముల పెసలు కడిగి, గంట నానబెట్టి, లీటరున్నర మరుగుతున్న నీళ్లలో వేయాలి. మూత పెట్టి పెద్ద మంట మీద పది నిమిషాలు. నీళ్లు పచ్చగా తేరినట్టు ఉండగానే వంచుకుని గోరువెచ్చగా తాగాలి. వేడి తగ్గించేది ఈ తేట నీరే అంటారు. మిగిలిన పెసలు మళ్లీ నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, కొంచెం పటికబెల్లం వేసుకుని సాయంత్రం తినవచ్చు. చలి ఒళ్లు ఉన్నవాళ్లు, తరచూ నీళ్ల విరేచనాలయ్యేవాళ్లు రోజూ తాగకూడదు.

బూడిద గుమ్మడికాయ సూప్, కాకరకాయ, చామంతి పూల టీ కూడా ఈ కాలానివే. బూడిద గుమ్మడిని తొక్కతో సహా ఉడికిస్తారు, ఒంట్లో నీరు దిగడానికి తొక్కే ముఖ్యమని వాళ్ల నమ్మకం.

'చలికాలం ముల్లంగి, వేసవిలో అల్లం తింటే వైద్యుడితో పనిలేదు' అని ఒక సామెత ఉంది. ఎండాకాలంలో అల్లమేంటని మనకు అనిపిస్తుంది. వాళ్లు చెప్పే కారణం ఇది: వేసవిలో వేడి చర్మం దగ్గర ఉంటుంది, ఐస్‌క్రీములు, చల్లని పానీయాలు, ఏసీ గాలి కలిసి కడుపును చల్లబరుస్తాయి, అందుకే అరుగుదల తగ్గుతుంది. ఉదయం టిఫిన్‌తో రెండు మూడు పల్చటి అల్లం ముక్కలు చాలు. రాత్రిపూట వద్దంటారు.

మధ్యాహ్నం 11 నుంచి 1 మధ్య ఎండలో పని ఆపి, తిన్నాక ఇరవై, ముప్పై నిమిషాల కునుకు తీయండి. చైనాలో ఆఫీసుల్లో కూడా బల్ల మీద తల వాల్చి పడుకునే అలవాటు ఉంది. కొత్తగా అక్కడికి వెళ్లిన మనవాళ్లు చూసి ఆశ్చర్యపోతారు.

జులై మధ్య నుంచి ఆగస్టు మూడో, నాలుగో వారం దాకా వచ్చే ఉక్కపోత రోజులు సాన్‌ఫూ. పాత పంచాంగం లెక్క ప్రకారం కొన్నేళ్లు 30 రోజులు, కొన్నేళ్లు 40 రోజులు. చలికాలంలో వచ్చే జబ్బుకు వేసవిలోనే వైద్యం చేయాలన్న సూత్రం ఈ రోజులకే చెందినది. చలికాలంలో దగ్గు, ఆయాసం, ముక్కు కారడం ఉన్నవాళ్లు, ముఖ్యంగా పిల్లలు, ఈ రోజుల్లో సంప్రదాయ వైద్య ఆసుపత్రుల ముందు క్యూలో నిలబడతారు. తెల్ల ఆవాలు, ఇంకొన్ని ఘాటైన మూలికల పొడిని అల్లం రసంతో కలిపి, వీపు మీద కొన్ని ఆక్యుపంక్చర్ బిందువుల దగ్గర పట్టీలుగా వేస్తారు. సాన్‌ఫూలోని మూడు దశల్లో ఒక్కోసారి చొప్పున, కొన్నేళ్లు వరసగా.

ఆ పట్టీలు ఇంట్లో చేసుకోకండి, ఆన్‌లైన్‌లో కొని వేసుకోకండి. బొబ్బలు లేస్తాయి. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు, గర్భిణులకు, చిన్న పిల్లలకు ఎంతసేపు ఉంచాలో, అసలు వేయవచ్చో లేదో చూసిన వైద్యులే చెప్పాలి. ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లు పట్టీ వేశారని దాన్ని ఆపకూడదు.

ఆరో మెట్టు: తేమ

చైనా వైద్యులు వేసవి చివరను విడిగా ఐదో ఋతువుగా లెక్కిస్తారు. దానికి తేమ, కడుపు, అరుగుదల జోడీ. తేమను మాత్రం తేదీని బట్టి చూడటం కుదరదు. యాంగ్‌జీ నది లోయలో జూన్ మధ్య నుంచి దాదాపు జులై మొదటి సగం దాకా ముసురు పట్టి, బట్టలు ఆరక, గోడలు బూజు పడతాయి. గ్వాంగ్‌డోంగ్‌లో అయితే ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యే సముద్రపు గాలి వచ్చి ఇంటి గోడలు, నేల చెమట పట్టినట్టు తడుస్తాయి. ఆ రోజుల్లో కిటికీలు మూసి ఉంచడం మొదటి వైద్యం.

ఒళ్లు బరువుగా ఉండటం, పొద్దున్నే తల దిమ్ముగా ఉండటం, నాలుక మీద జిడ్డు పూత, ఆకలి లేకపోవడం తేమ లక్షణాలంటారు. దీనికి దక్షిణ చైనా ఇళ్లలో కాచేది యీరెన్, ఎర్ర బీన్స్ కలిపిన నీళ్లు. యీరెన్ అంటే బార్లీ కంటే పెద్దగా, ముత్యాల్లా తెల్లగా ఉండే గింజలు. యాభై గ్రాముల యీరెన్‌ను నూనె లేకుండా లేత గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి. వేయిస్తే చలవ తగ్గుతుందని చెబుతారు. యాభై గ్రాముల చిన్న ఎర్ర బీన్స్‌ను రాత్రంతా నానబెట్టాలి. రెండూ కలిపి లీటరున్నర నీళ్లలో సన్నని మంట మీద గంట ఉడికించి, నీళ్లు టీలా రోజంతా తాగాలి. గింజలు తినాలనిపిస్తే తినవచ్చు. గర్భిణులకు యీరెన్ వద్దని ఆ వైద్యమే గట్టిగా చెబుతుంది.

గ్వాంగ్‌డోంగ్ సూప్‌లలో తెల్ల చిక్కుడు గింజలు కూడా వేస్తారు. మన చిక్కుడు జాతి గింజలే. వేయించి, బాగా ఉడికించాలి, పచ్చిగా తింటే కడుపులో వికారం చేస్తుంది. అక్కడి వీధుల్లో నల్లటి చేదు కషాయం గ్లాసుల్లో అమ్ముతారు, 'ల్యాంగ్‌చా' అంటారు. ఉడుకు చేసినప్పుడు ఒక గ్లాసు తాగడం అక్కడి అలవాటు. దాహం వేసినప్పుడల్లా తాగే డ్రింక్ కాదది.

ఈ రోజుల్లో తినేది తగ్గించండి. వేపుళ్లు, మిఠాయిలు, చల్లని పాలు తేమను పెంచుతాయని లెక్క. తిన్న వెంటనే పడుకోకుండా వంద అడుగులు వేయడం అక్కడివాళ్లు పెద్ద వయసులో కూడా మానరు.

ఏడో మెట్టు: శరత్తు

ఋతువులన్నిటిలో చైనా వైద్యం బాగా పనికొచ్చేది నా దృష్టిలో ఇక్కడే. శరత్తుకు పొడితనం, ఊపిరితిత్తులు, తెలుపు రంగు జోడీ. ఉత్తర చైనాలో సెప్టెంబరు తర్వాత గాలి ఒక్కసారిగా ఎండిపోతుంది. పెదాలు పగలడం, ముక్కులో మంట, పొడి దగ్గు, మలబద్ధకం అన్నీ వరసగా వస్తాయి.

ఆగస్టు 7 దాటగానే చలి వచ్చేయదు. ఎండ మళ్లీ తిరగబడే రోజులను వాళ్లు 'శరత్తు పులి' అంటారు. అప్పటిదాకా పెసల నీళ్లు కొనసాగించవచ్చు. సెప్టెంబరు 7, 8 ప్రాంతంలో బైలూ వచ్చాక ఒళ్లు కనిపించేలా పొట్టి బట్టలు వద్దని, అక్టోబరు 8 ప్రాంతంలో హాన్‌లూ వచ్చాక పాదాలు బయట పెట్టొద్దని సామెత. ఈ రెండు తేదీల మధ్య బట్టలు మెల్లగా పెంచాలి, ఒకేసారి కోటు వేసుకోకూడదు. చలికి ఓర్చుకోమన్నది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు, వృద్ధులు, పసిపిల్లలు ముందే కప్పుకోవాలి.

పియర్ పండు ఆవిరి: పండును పై నుంచి మూతలా కోసి, గింజలున్న భాగం చెంచాతో తీసేయండి. లోపల రెండు మూడు చిన్న పటికబెల్లం ముక్కలు, నాలుగైదు గోజీ బెర్రీలు (ఎర్రటి చిన్న ఎండు పండ్లు) వేసి మూత పెట్టి, గిన్నెలో నిలబెట్టి ఆవిరి మీద నలభై నిమిషాలు ఉంచండి. గిన్నెలోకి దిగిన రసంతో సహా వేడిగా తినాలి. ఇది పొడి దగ్గుకు. తెల్లటి కఫం పడుతూ, చలిగా ఉండే దగ్గుకు పియర్ పనికిరాదని వాళ్లే అంటారు. షుగర్ ఉన్నవాళ్లు పటికబెల్లం మానేయాలి, పండు కూడా సగమే.

తెల్ల పుట్టగొడుగు సూప్: యిన్‌అర్ అనే ఈ పుట్టగొడుగు ఎండుది పువ్వులా దొరుకుతుంది. ఒకటి, సుమారు పదిహేను గ్రాములు, చల్లటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టండి. కింద పసుపుపచ్చగా గట్టిగా ఉండే మొదలు కత్తిరించి పారేసి, మిగతాది వీలైనంత చిన్న ముక్కలు చేయండి. లీటరున్నర నీళ్లలో గంటన్నర నుంచి రెండు గంటలు సన్నని మంట మీద ఉడికితే గంజిలా చిక్కబడి జిగురు వస్తుంది. జిగురు రాకపోతే ఇంకా ఉడకాలి. చివరి అరగంటలో ఎండు రేగుపండ్లు, ఎండబెట్టిన లిల్లీ దుంప రేకులు (పూరేకులు కాదు), ఆఖరి పది నిమిషాల్లో గోజీ వేయాలి.

దీనికి సంబంధించి ఒక హెచ్చరిక మాత్రం మర్చిపోకండి. నానబెట్టిన పుట్టగొడుగును రోజంతా, రాత్రంతా బయట వదిలేస్తే దానిలో పెరిగే ఒక బ్యాక్టీరియా బోంగ్‌క్రెకిక్ యాసిడ్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఉడికించినా ఆ విషం పోదు, దానికి విరుగుడు మందు లేదు. చైనాలో దీనివల్ల మనుషులు చనిపోయారు. రెండు మూడు గంటలకు మించి నానబెట్టకండి. జిగటగా, వాసనగా అనిపిస్తే ఆలోచించకుండా పారేయండి.

పొడి ముక్కుకు ఒక చిన్న పని. ముక్కు పుటాలకు రెండు పక్కలా ఉండే గుంటను యింగ్‌శ్యాంగ్ బిందువు అంటారు. రెండు చూపుడు వేళ్లతో ఉదయం, సాయంత్రం ఒక నిమిషం గుండ్రంగా రుద్దండి. తేనె నీళ్లు తాగే అలవాటు ఉంటే గోరువెచ్చని నీళ్లలోనే. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు.

ఎనిమిదో మెట్టు: చలికాలం

చైనాలో చలికాలం రెండు రకాలు. చిన్‌లింగ్ పర్వతాలు, హువాయ్ నది గీతకు ఉత్తరాన ప్రభుత్వం ఇళ్లకు హీటింగ్ ఇస్తుంది, బీజింగ్‌లో అది నవంబరు 15 ప్రాంతంలో మొదలవుతుంది. అక్కడ ఇంట్లో వెచ్చగా ఉన్నా గాలి ఎండిపోతుంది, కాబట్టి పియర్, పుట్టగొడుగు సూప్‌లు కొనసాగించాలి, గదిలో తడి గుడ్డ ఆరేయాలి. షాంఘై, వూహాన్ వైపు ఆ హీటింగ్ ఉండదు, ఇంట్లోనే చలి కొరుకుతుంది. అక్కడ పాదాలు వేడి చేసుకోవడం ముఖ్యం.

లోతైన బకెట్‌లో చీలమండ పైదాకా మునిగేలా, సుమారు 40 డిగ్రీల నీళ్లు, పదిహేను, ఇరవై నిమిషాలు. కొన్ని అల్లం ముక్కలు గానీ, మాచిపత్రి జాతికి చెందిన ఐయె ఆకులు గానీ మరిగించి కలుపుతారు. నుదుటి మీద సన్నగా చెమట వస్తే ఆపాలి, కారేదాకా ఉండకూడదు. తిన్న గంట తర్వాతే చేయాలి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లు దీన్ని మానుకోవాలి. వేడి తెలియక కాళ్లు కాలిపోయిన కేసులు ఆసుపత్రులకు వస్తుంటాయి.

చలికాలపు సూప్‌లలో ప్రసిద్ధమైనది మేకమాంసం, అల్లం, దంగ్గుయ్ వేరు కలిపి చేసేది. హాన్ వంశం చివరి రోజుల్లో ఉన్న వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన కూర్పు అది. ఇంటి కొలత: అరకిలో మాంసం, ముప్పై గ్రాముల అల్లం, పది గ్రాముల దంగ్గుయ్. మాంసాన్ని ముందు ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అన్నీ వేసి గంటన్నర సన్నని మంట మీద ఉంచాలి, ఉప్పు చివర్లో. వారానికి ఒకసారి చాలు. జలుబు, జ్వరం ఉన్నప్పుడు తాగకూడదు. రక్తం పల్చబరిచే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లు, గర్భిణులు దంగ్గుయ్ ముట్టుకోవద్దు. దంగ్గుయ్ తీసేసి ముల్లంగి వేసినా మంచి సూపే అవుతుంది. మాంసం తినని ఇళ్లలో నల్ల నువ్వులు, అక్రోట్లు వేయించి పొడి చేసి, ఉదయం గంజిలో చెంచాడు కలుపుకుంటారు.

షాంఘై, జియాంగ్సు, జెజియాంగ్ వైపు చలికాలం మొత్తం తినే లేహ్యాలు వైద్యులు రాసిస్తారు. వాటిలో చాలావాటికి గాడిద చర్మం నుంచి తీసిన 'ఏజియావ్' వాడతారు. ఆ గిరాకీ వల్ల ఆఫ్రికాలో గాడిదలు వేగంగా తగ్గిపోయి, 2024లో ఆఫ్రికా యూనియన్ గాడిద చర్మాల వ్యాపారం మీద నిషేధానికి నిర్ణయించింది. బరువు మోసే ఆ జంతువు మీద బతికే పేద కుటుంబాల సంగతి ఆలోచిస్తే, ఏజియావ్ కొనవద్దనే నేను చెబుతాను.

తొమ్మిదో మెట్టు: ఏడాది పొడవునా చేసే రెండు పనులు

బాదువాన్‌జిన్ అనే ఎనిమిది కదలికల వ్యాయామం. సోంగ్ వంశ కాలం నుంచి దీని ప్రస్తావన ఉంది. చేతులు పైకెత్తి సాగదీయడం, విల్లు లాగినట్టు పక్కకు తెరవడం, వెనక్కి తిరిగి చూడటం, మడమలు పైకెత్తి దించడం లాంటివి. మొత్తం పదిహేను నిమిషాలు పట్టదు, మోకాళ్లు బాగా వంచక్కర్లేదు కాబట్టి పెద్దవాళ్లకు సులభం.

రెండోది జూసాన్‌లీ బిందువు. మోకాలి చిప్ప కింద, బయటి వైపు గుంట నుంచి నాలుగు వేళ్ల వెడల్పు కిందకు, అక్కడ కాలి ఎముకకు ఒక వేలు బయటికి. బొటనవేలితో కాస్త నొప్పి తెలిసేలా రెండు మూడు నిమిషాలు నొక్కాలి. గర్భంతో ఉన్నవాళ్లు ఏ బిందువునైనా అడగకుండా నొక్కవద్దు.

పదో మెట్టు: మందు దాకా వెళ్లాల్సి వస్తే

చైనాలో సంప్రదాయ వైద్య ఆసుపత్రులు పెద్దవే. అక్కడి డాక్టర్లు రెండు చేతుల నాడి మూడేసి వేళ్లతో చూస్తారు, నాలుక చూస్తారు, అవసరమైతే రక్త పరీక్ష, స్కానింగ్ కూడా రాస్తారు. తరచూ ఒక వారానికి కషాయం ఇస్తారు. వండుకునే తీరిక లేకపోతే ఆసుపత్రే కాచి ప్యాకెట్లలో ఇస్తుంది. ఇంట్లో కాస్తే మట్టికుండ వాడాలి, ఇనుము, అల్యూమినియం పాత్రలు వద్దు. అరగంట నానబెట్టి, రెండుసార్లు కాచి, ఆ రెండు కషాయాలూ కలుపుకోవాలి. మీరు ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రల జాబితా ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి.

దుకాణంలో సొంతంగా కొనేటప్పుడు జాగ్రత్తలు చాలా ఉన్నాయి. మూలిక కాబట్టి హాని చేయదనుకోవడం ఈ విషయంలో పెద్ద ప్రమాదం. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వేసుకున్న దాదాపు వంద మంది మహిళలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలిక బదులు అరిస్టలోకిక్ యాసిడ్ ఉన్న మరో మూలిక కలవడమే కారణం. ఆ యాసిడ్ క్యాన్సర్ కూడా తెస్తుంది. జలుబు మందుల్లో ఉండే మాహువాంగ్ అనే మూలిక బీపీ, గుండె వేగం పెంచుతుంది. అమెరికా 2004లో ఆహార సప్లిమెంట్లలో దాన్ని నిషేధించింది. అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. వసనాభి జాతి మొక్క వేరు సరిగా శుద్ధి చేయకపోతే ప్రాణం తీస్తుంది.

చైనాలో చదువుకునే మన పిల్లలకు ప్రత్యేకంగా ఒక విషయం. అక్కడ జలుబుకు అమ్మే కొన్ని 'మూలికల' పొడి ప్యాకెట్లలో పారాసెటమాల్ కలిపి ఉంటుంది. అది తాగి, పైన ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది, కాలేయానికి ముప్పు. ప్యాకెట్ వెనక ఉన్నది ఫోన్‌తో అనువదించి చూశాకే తాగండి.

ఈ సంప్రదాయంలో దాగి ఉన్న విలువ కూడా నిజమే. మలేరియాను తగ్గించే ఆర్టెమిసినిన్‌ను తూ యూయూ అనే చైనా శాస్త్రవేత్త చింగ్‌హావ్ అనే మొక్క నుంచే తీశారు. వేడి చేస్తే గుణం పోతోందేమోనని, నాలుగో శతాబ్దపు వైద్యుడు గ హోంగ్ రాసిన ఒక వాక్యం చూసి ఆమె తక్కువ వేడిలో తీసే దారి పట్టారు. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మొక్క మందుగా మారింది పరీక్షలు జరిగి, మోతాదు తేలాకే. ఫ్లూ టీకా, ఆస్తమా ఇన్‌హేలర్, బీపీ మాత్ర వీటిలో దేనికీ పై మెట్లు బదులు కావు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మూలికలు ఆపి, సర్జన్‌కు చెప్పండి.

మీరున్న చోటికి సర్దుకోవడం

ఈ క్యాలెండర్ పసుపు నది లోయ వాతావరణం నుంచి పుట్టింది. హైదరాబాద్‌లో, విజయవాడలో తేదీలను ఉన్నదున్నట్టు పాటిస్తే తప్పుతారు. మన తీవ్రమైన ఎండ ఏప్రిల్, మే నెలల్లో, రోహిణి కార్తె దాకా. కాబట్టి ఐదో మెట్టు అప్పుడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. అప్పుడు ఆరో మెట్టు. తెలంగాణలో డిసెంబరు, జనవరి పొడి చలికి ఏడో, ఎనిమిదో మెట్లు కలిపి వాడుకోవాలి. యీరెన్, యిన్‌అర్ కోసం ఆన్‌లైన్‌లో వెతకనక్కర్లేదు. పెసలు, బూడిద గుమ్మడి, కాకర, చిక్కుడు గింజలు, అల్లం, ముల్లంగి, నువ్వులు మన సంతలోనే ఉన్నాయి.

అమెరికాలో ఉత్తర రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు హీటర్ వేసిన ఇల్లు బీజింగ్ ఇంటిలాగే పొడిబారుతుంది, శరత్తు మెట్టును మార్చి దాకా కొనసాగించండి. సిడ్నీ, మెల్‌బోర్న్‌లో తేదీలన్నీ ఆరు నెలలు అటూ ఇటూ తిప్పుకోవాలి. సింగపూర్, మలేసియాల్లో ఏడాదంతా వేడి, తేమే. అక్కడ ఐదు, ఆరు మెట్లు చాలు, ఏసీ గదిలో పనిచేసేవాళ్లు మాత్రం ఉదయం అల్లం, ఒంటి మీద పల్చటి షాల్ మానకండి.